చూసేది ఆయన, బొగ్గు వేసేది నేను

మా టెక్సస్‌లో వేసవి వచ్చిందంటే వీధిలో ఏదో ఒక పెరట్లోంచి పొగ వాసన రాని వారాంతం ఉండదు. ఇక్కడివాళ్లు ఎక్కువగా బ్రిస్కెట్ పెడతారు. మన ఇళ్లలో అయితే కోడి, గొర్రె భుజం. ఏదైనా పద్ధతి ఒకటే. 225 నుంచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ సెగ మీద, మూత పెట్టి, గంటల తరబడి మగ్గించడం. పెద్ద బ్రిస్కెట్‌కి పన్నెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు.

అన్ని గంటలు కాపలా కాయలేక చాలామంది ఒక చిన్న పెట్టె కొంటున్నారు. దాని తీగ ఒకటి పొయ్యిలో, ఒకటి మాంసంలో ఉంటుంది. సెగ తగ్గితే కింద గాలి రంధ్రానికి బిగించిన బుల్లి ఫ్యాన్ బొగ్గులకు ఊదుతుంది. పెరిగితే ఆగిపోతుంది. వైఫై ఉంటుంది కాబట్టి ఆ అంకెలన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి, మనిషి ఎక్కడున్నా సరే. మా ఇంట్లోనూ ఉంది.

మంచి వస్తువే. రాత్రి పొయ్యి పెడితే గంటకోసారి లేచి పెరట్లోకి పరిగెత్తే పని తప్పింది. సెగ బాగా తగ్గితే అదే మోగి లేపుతుంది. నా పేచీ పెట్టెతో కాదు, అది ఉంది కదా అని ఇల్లు వదిలి వెళ్లడంతో.

మావారు పొద్దున్నే అన్నీ సర్ది, పిల్లాణ్ణి తీసుకుని క్రికెట్‌కి వెళ్తారు. గంటకి ఫోన్. "సెగ 200కి పడిపోయింది, మూత సరిగ్గా ఉందా చూడు." ఇంకాసేపటికి, "బొగ్గు అయిపోతున్నట్టుంది, కొంచెం వెయ్యవా?" సాయంత్రం వచ్చినవాళ్లు "అన్నయ్యా, అదరగొట్టేశారు" అంటారు. ఆ అన్నయ్యగారు చూశారు, నిజమే. చేతులు మాత్రం నావి.

ఆ పెట్టెకు తెలిసిన పని గాలి ఊదడం ఒక్కటే. బొగ్గు వెయ్యలేదు, జారిన మూత సర్దలేదు. బొగ్గు అయిపోయినా పాపం ఊదుతూనే ఉంటుంది. ఎక్కువైన సెగని చల్లార్చడమూ దానికి చేతకాదు, ఊదడం మానేసి ఊరుకుంటుంది. అందుకే దూరం నుంచి చూసేవాళ్లకి ఇంట్లో ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా?

ఇంకో తమాషా ఉంది. మాంసం లోపలి వేడి 150, 160 దాకా వచ్చి గంటలకొద్దీ కదలదు. పైన తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది కాబట్టి అలా ఆగుతుంది. దీన్ని ఇక్కడ స్టాల్ అంటారు. అప్పుడు చేయాల్సింది ఓపిక పట్టడమే. కానీ చేతిలో ఫోన్ ఉన్నాక ఓపిక ఎక్కడిది? ఆ కదలని అంకె చూసి అక్కడ ఆయన కంగారు, ఇక్కడ నాకు పెరట్లోకి పది తిరుగుళ్లు. మూత తీసిన ప్రతిసారీ సెగ పోయి వంట ఇంకా ఆలస్యం.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు కొన్ని పద్ధతులు. పొయ్యి పెట్టే ముందు "ఆ రోజు నువ్వు ఇంట్లో ఉంటావా?" అని అడగాలి. ఉంటావులే అనుకోకూడదు. నాకూ పని ఉంటే ఆ రోజు పొయ్యి లేదు, ఎందుకంటే నిప్పు పెట్టి ఇల్లు ఖాళీ చేయడానికి నేను ఒప్పుకోను. యాప్ నా ఫోన్‌లోనూ ఉండాలి. వాన వచ్చినా సరే పొయ్యి గ్యారేజీలోకి రాకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ఆ యాప్‌లోనూ కనిపించదు. బయటి నుంచి చూడటం కోసం ఇంటి రౌటర్‌లో దారులు తెరిచిపెట్టడం, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే ఉంచేయడం కూడా కుదరదు. అది వీధి తలుపు తీసి పడుకోవడమే.

ఇదంతా బార్బెక్యూ గొడవేనా అంటారేమో. ఇంట్లో కెమెరాలు పెట్టి "పిల్లాడు ఇంకా హోంవర్క్ మొదలుపెట్టలేదే" అని ఆఫీసు నుంచి మెసేజ్ పెట్టే నాన్నలు లేరూ? దూరం నుంచి చూడటం తప్పని నేననను, అదీ శ్రద్ధే. కానీ చూసినంత మాత్రాన పని చేసినట్టు కాదు. ఆ పని ఇంట్లో ఎవరి చేతుల మీద పడుతోందో ముందు మాట్లాడుకోవాలి, తర్వాత నలుగురిలో చెప్పాలి. మీ ఇళ్లలో ఎలా నడుస్తోంది మరి?