కాలిన దుకాణానికి నిండు అద్దె

2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన వరదలు, 2023 మార్చిలో సికింద్రాబాదులోని స్వప్నలోక్ వాణిజ్య సముదాయంలో ఆరుగురిని బలిగొన్న అగ్నిప్రమాదం వంటి ఘటనల తరువాత ప్రాణనష్టం గురించి, భద్రతా అనుమతుల గురించి చర్చ జరగడం సహజం, అవసరం కూడా. అయితే దెబ్బతిన్న గదుల్లో అద్దెకు ఉండి వ్యాపారం చేసుకునేవారు షట్టరు ఎత్తలేని నెలలకు సైతం అద్దె చెల్లించాలా అన్న ప్రశ్న ప్రజల దృష్టికి రాకుండా, యజమానికీ అద్దెదారుకూ మధ్య అడ్వాన్సు సొమ్ము మీద తగాదాగానే మిగిలిపోతున్నది. తెలంగాణలో ఈ ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు 1882 నాటిది. అది నేటి చిన్న వ్యాపారికి న్యాయం చేయడం లేదు.

1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం ఉండగా అంత పాత శాసనాన్ని ఆశ్రయించడమెందుకన్న సందేహం రావచ్చు. 2005లో జరిగిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు కనుక, నేటి హైదరాబాదులో చిన్న మడిగె కూడా సాధారణంగా దాని రక్షణకు వెలుపలే ఉంటుంది. అటువంటి తగాదాలు ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను కిందికి వస్తాయి. స్థిరాస్తిని ప్రతిఫలం తీసుకొని అనుభవానికి ఇవ్వడాన్ని, అది ఇల్లయినా దుకాణమైనా, ఈ చట్టం కౌలుగానే పరిగణించి, వేరే ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని లేనప్పుడు ఇరుపక్షాల హక్కులు, బాధ్యతలు ఏమిటో ఆ సెక్షనులో నిర్దేశిస్తుంది.

నిప్పు, తుఫాను, వరద, సైన్యం లేదా అల్లరిమూక దౌర్జన్యం, లేదా నిలువరించలేని మరే శక్తి వల్లనైనా ఆస్తిలోని ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, అద్దెకు తీసుకున్న ప్రయోజనానికి గణనీయంగా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, తన తప్పు లేనంతవరకు అద్దెదారు తాను కోరుకుంటే కౌలును రద్దు చేసుకోవచ్చునని అందులోని ఒక నిబంధన చెబుతుంది. ఇక్కడ ‘శాశ్వతంగా’ అన్న షరతే చిక్కంతటికీ మూలం. వైరింగు కాలి, గోడలు మసిబారి, పై అంతస్తుల పటుత్వం తేలేదాకా అధికారులు తాళం వేసిన దుకాణం ఆరు నెలల తరువాత తెరుచుకునే అవకాశం ఉంటే అది శాశ్వత నష్టం కాదు; కనుక రద్దు హక్కు పుట్టదు, అద్దె బాధ్యత ఆగదు. నష్టం శాశ్వతమే అయినా అద్దెదారుకు దక్కేది వదిలి వెళ్లిపోయే అవకాశమే తప్ప, ఏళ్ల తరబడి పెంచుకున్న గిరాకీని నిలుపుకుంటూ అద్దె తగ్గించమని అడిగే హక్కు కాదు.

న్యాయస్థానాలు ఈ చట్రాన్ని దాటలేకపోయాయి. నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదని చెప్పే కాంట్రాక్టు చట్టపు 56వ సెక్షను అప్పటికే అమలులోకి వచ్చిన కౌలుకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లో రాజా ధ్రువ్ దేవ్ చంద్ కేసులో తేల్చింది. కొవిడ్ లాక్‌డౌన్ కాలంలో ఖాన్ మార్కెట్ దుకాణం విషయంలో ఢిల్లీ హైకోర్టు 2020 మేలో, తాత్కాలికంగా వాడుకోలేకపోవడం అద్దె నిలిపివేతకు కారణం కాజాలదని చెప్పింది. భవనం కూలిపోయినా దాని కింది స్థలంపై కౌలు కొనసాగుతుందని సుప్రీంకోర్టు 2014లో షా రతన్‌సీ ఖిమ్‌జీ కేసులో ఇచ్చిన తీర్పు, కూల్చివేతనే అద్దెదారును వదిలించుకునే సాధనంగా మార్చుకోకుండా అడ్డుపడిన మేలైన తీర్పు; అయితే కౌలు నిలిచి ఉన్న ఆ కాలానికి అద్దె ఎంత అన్న ప్రశ్నకు అందులోనూ ఊరట వెతకడం కష్టం.

మరమ్మతుల సంగతి ఇంకా విచారకరం. నోటీసు ఇచ్చినా యజమాని బాగుచేయించకపోతే అద్దెదారే ఆ పని చేయించి, ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చునని చట్టం అంటుంది గాని, అది యజమాని ‘చేయించి తీరవలసిన’ మరమ్మతులకే పరిమితం. భవనాన్ని బాగుచేయించే సాధారణ బాధ్యతను యజమానిపై ఆ చట్టం ఎక్కడా పెట్టలేదు. ఒప్పందంలో రాసుకోనివారికి ఆ హక్కు కాగితం మీదిదే. ఏడాదికి మించిన కౌలు దస్తావేజు రిజిస్టరు కాకపోతే అందులోని షరతులకు సాక్ష్యవిలువ దాదాపు ఉండదు. నెలవారీ కౌలుగా మిగిలినవారిని 106వ సెక్షను కింద పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. సొంత డబ్బుతో దుకాణాన్ని తిరిగి నిలబెట్టుకున్న మనిషికి ఆ నోటీసు అందడం చట్టబద్ధమే కావచ్చు, న్యాయం మాత్రం కాదు.

యజమాని పక్షాన చెప్పవలసినదీ ఉంది. ఆ అద్దెతోనే బ్యాంకు వాయిదాలు కట్టుకునేవారు, వృద్ధాప్యం గడుపుకునేవారు ఎందరో ఉన్నారు. పైగా సహజమైన అరుగుదల, నిలువరించలేని శక్తి వల్ల కలిగిన మార్పులు మినహా ఆస్తిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించడం అద్దెదారు విధి. అతని వల్లగాని, అతని పనివారి వల్లగాని కలిగిన లోపాన్ని నోటీసు అందిన మూడు నెలల్లో సరిచేయడమూ అతని విధే. పరిమితికి మించిన విద్యుత్తు వాడి మంటకు కారణమైనవారికి అద్దె తగ్గింపు అడిగే అర్హత ఉండకూడదు.

ఎవరి తప్పూ లేని నష్టాన్ని ఒక్కరే మోయడం మాత్రం అన్యాయం. వాడుకకు మిగిలిన భాగాన్ని బట్టి, బాగయ్యేదాకా పట్టే కాలాన్ని బట్టి అద్దె తగ్గాలి. ఈ దామాషా భావన భారతీయ న్యాయానికి కొత్త కాదు: కలకత్తాలోని ఒక ఫ్లాటులో యజమాని ఒక పడకగదిని అప్పగించని కేసులో, అద్దె మొత్తాన్ని నిలిపివేయకుండా అనుభవంలో ఉన్న భాగానికి తగిన అద్దె చెల్లించాలని సుప్రీంకోర్టు 1966లోనే నిర్ణయించింది. జర్మనీ పౌర స్మృతిలోని 536వ సెక్షను, లోపం వాడుకకు అడ్డుపడిన మేరకు అద్దె దానంతటదే తగ్గుతుందని స్పష్టంగా చెబుతుంది. వ్యవసాయ భూమి మినహా మిగిలిన ఆస్తి బదిలీ రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలోని అంశం కనుక, పార్లమెంటు కోసం ఎదురుచూడకుండా రాష్ట్ర శాసనసభే రాష్ట్రపతి ఆమోదంతో 108వ సెక్షనుకు ఇటువంటి నిబంధనను చేర్చవచ్చు.