వచ్చి పోయే జబ్బు

రోజూ కాసే జ్వరానికి మందుంది. డాక్టరుగారి గడప తొక్కగానే దిగిపోయి, ఇంటికి రాగానే తిరగబెట్టే జ్వరంతోనే చిక్కు. లినక్సు కంప్యూటరుకు తగిలించే బయటి డిస్కులకు ఇటువంటి జబ్బే చేస్తూంటుంది. చిన్న ఫైళ్ళు కాపీ చేసినంతసేపూ బుద్ధిగా ఉంటాయి. పెద్ద మూట నెత్తిన పెట్టగానే చతికిలబడతాయి.

మా పక్కింటి మేష్టారు అటువంటిదొకటి పట్టుకొచ్చి, "ఇది చచ్చిందండీ, పారేసి కొత్తది కొంటాను" అన్నారు. అందులో ఆయన పదిహేనేళ్ళ ఫోటోలున్నాయి, రెండో ప్రతి లేదు.

"తొందరపడకండి మేష్టారూ. అదేమంటున్నదో విందాం" అన్నాను.

లినక్సు కడుపులో ఏదీ దాచుకోదు. ‘డీమెస్గ్’ అని ఆజ్ఞ ఇస్తే కెర్నెల్ తన దినచర్య అంతా తెర మీద పెడుతుంది. అందులో ‘మీడియం ఎర్రర్’ అని ఉంటే డిస్కునే అనుమానించాలి. ‘రీసెట్’ అన్న మాటే పదేపదే కనిపిస్తే తప్పు దారిది కావచ్చు. ‘స్మార్ట్‌సీటీఎల్’ చూపే పట్టికలో 5, 197 నెంబర్లు కూడా చూడండి. వాటి చివరి గడిలో అంకె పెరుగుతూంటే డిస్కుకు రోజులు దగ్గరపడ్డట్టే.

ఏదైనా సరే, ముందు ముఖ్యమైనవి మరోచోటికి కాపీ చేసుకోండి. దారి తెగిపోతూండగా ‘ఎఫ్‌ఎస్‌సీకే’తో మరమ్మతుకు దిగితే ఉన్నది కాస్తా ఊడవచ్చు.

తరువాత ఒక్కొక్కటే మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే దొంగ దొరకడు. మొదట కేబులు, పిమ్మట పోర్టు. యూఎస్‌బీ 2 పోర్టు మామూలుగా ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. తిరిగే డిస్కు లేచేటప్పుడు అంతకన్న ఎక్కువే అడగవచ్చు. అప్పుడు సొంత కరెంటు ఉన్న హబ్బు కావాలి. మార్చిన ప్రతిసారీ, ఇదివరకు ఎంతసేపటికి చెడేదో అంతకు రెట్టింపుసేపు కాపీ నడిపి చూడాలి.

మేష్టారి డిస్కుకు ఇవేవీ పనిచేయలేదు. దినచర్యలో ‘యూఏఎస్’ అన్న మాట ప్రతి గొడవలోనూ ఉంది. డిస్కు పెట్టెలోని చిప్పుకూ, ఆ వేగపు డ్రైవరుకూ పడకపోవడం కద్దు. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ చూపిన గుర్తింపు నెంబరుకు ‘యు’ అక్షరం జోడించి, ‘యూఎస్‌బీ-స్టోరేజ్’ మాడ్యూలుకు ‘క్వర్క్స్’గా ఇచ్చి, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టాను. పాత డ్రైవరు పని అందుకుంది. వేగం కొంత తగ్గింది గాని, తెల్లవారేసరికి ఫోటోలన్నీ ఒడ్డుకు చేరాయి.

కొత్త డిస్కు కొనవద్దని కాదు నేననేది. తప్పకుండా కొనండి, రెండో ప్రతి పెట్టుకోడానికి!