కీలెరగని వాతలు

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. మన ఊళ్లలో పాత కార్లకు జరుగుతున్న వైద్యం చూస్తే వాతలు మిగిలాయి గాని, కీలు సంగతి అందరూ మరిచిపోయినట్టు తోస్తుంది. ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలవగానే షాకప్సర్లు మార్చినవారిని ఎరుగుదును. టైర్లు మార్చినవారిని, నెలకోసారి అలైన్‌మెంటు చేయించినవారిని, చివరికి కారునే మార్చేసినవారిని కూడా ఎరుగుదును. చప్పుడు చేస్తున్న ఆ బాల్ జాయింటును వేళకు మార్చినవారు మాత్రం నా పరిచయస్థుల్లో వేళ్లమీద లెక్కపెట్టదగినంతమందే.

ఈ ఆవేశానికి కారణం ఒక మిత్రుడు. తన మారుతి 800ను పాత ఇనుము కొనేవాడికి అప్పగించేస్తానని మొన్న ప్రకటించాడు. ఎందుకయ్యా అంటే, "పాతబడింది, స్టీరింగు ఒకచోట నిలవడంలేదు, పిల్లల్ని ఎక్కించుకోవాలంటే భయంగా ఉంది" అన్నాడు. అతని భయం న్యాయమైనదే. కాని శిక్ష మాత్రం నేరంతో సంబంధం లేనివాడికి పడుతోంది. ఏడాది కిందట అదే కారు ఎడమ చక్రం కింద బాల్ జాయింటు వదులైతే, మార్చకుండా వెల్డింగు పెట్టించి సరిపెట్టుకున్నాడన్న సంగతి మెల్లగా బయటపడింది. "పాత బండికి కొత్త ఆర్మెందుకు సార్, దండగ" అన్నాడట మెకానిక్. ఈయనకూ ఆ మాట తీయగా వినిపించింది.

ఆ దండగమారి వస్తువు ఏమిటో ముందు చెప్పుకోవాలి. చిన్నప్పుడు జీవశాస్త్రంలో బంతిగిన్నె కీలు అని చదువుకున్నాం కదా, భుజం దగ్గర, తుంటి దగ్గర ఉండేది. బాల్ జాయింటు అచ్చంగా అదే. (ఇంత చక్కటి తెలుగు మాట ఉండి కూడా షెడ్డులో పలికితే నవ్వుతారు. నేను పలికి చూశాను.) గట్టిపరచిన ఉక్కు బంతి, దాన్ని పట్టివుంచే గిన్నె, మధ్యలో పలుచటి ప్లాస్టిక్ పొర, కాస్త గ్రీజు, దుమ్మూ నీరూ చొరబడకుండా పైన ఒక రబ్బరు తొడుగు. చక్రం గతుకుల్లో పైకీ కిందికీ ఆడాలి, స్టీరింగుతో కుడికీ ఎడమకూ తిరగాలి. ఈ రెండు చలనాలనూ ఒకేసారి సాధ్యం చేసేది ఈ కీలే. మారుతి 800 లాంటి కార్లలో బరువును మోసేది పైనున్న స్ప్రింగు, స్ట్రట్టు. చక్రం అడుగుభాగం ఎటూ జారిపోకుండా పట్టివుంచేది మాత్రం లోయర్ ఆర్ము, దాని కొసనున్న ఈ కీలు. బ్రేకు తొక్కినప్పుడు, మలుపు తిరిగినప్పుడు ఆ తోపుడంతా దీనిమీదే పడుతుంది. బంతి గిన్నెలోంచి ఊడిందంటే చక్రం అడుగు బయటికి జారి, టైరు ఫెండరులోకి ఒరిగి, కారు ఆ మూలకు కూలబడుతుంది. స్టీరింగు చేతిలోనే ఉంటుంది గాని, దాని మాట వినే చక్రం ఉండదు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. రబ్బరు తొడుగు చిరిగిందని, జాయింటులో వదులు పుట్టిందని నాకు చెప్పిన తరువాత కూడా రెండు నెలలు తిరిగాను. వచ్చే జీతానికి చేయిద్దాం, వర్షాలు తగ్గాక చేయిద్దాం అనుకుంటూ వాయిదా వేశాను. ఒక సాయంత్రం మా వీధి మలుపులో, మనిషి నడకకన్నా తక్కువ వేగంలో, చక్రం మడతపడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అంతకు గంటన్నర ముందు అదే కారు జాతీయ రహదారిమీద లారీల పక్కన ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చింది. వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఆ గంటన్నర గుర్తుకొచ్చినప్పుడల్లా ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. కనుక ఇక్కడ నేను తిట్టబోయేవారిలో మొదటివాణ్ణి నేనే.

వెల్డింగు సంగతి. అరిగిన జాయింటును "రిపేరు" చేయడానికి రెండు పద్ధతులు చలామణిలో ఉన్నాయి. గిన్నె అంచును ప్రెస్సు కింద పెట్టి నొక్కి బిగించడం ఒకటి, గిన్నె చుట్టూ వెల్డింగు పెట్టడం మరొకటి. మొదటిదాని కథ వినండి. అరిగిన బంతి గుండ్రంగా ఉండదు. నిటారుగా నడిచే స్థితిలో ఎక్కువ అరిగి ఉంటుంది, పక్కలకు తక్కువ. గిన్నెను నొక్కితే ఒకచోట వదులు తగ్గుతుంది, మరొకచోట బిగుసుకుపోతుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంత తాను వెనక్కి రాదు. పది రోజులు చప్పుడు వినబడదు కనుక బాగైందని మనం సంబరపడతాం. రెండోది మరీ ఘోరం. ఆ వేడికి లోపలి ప్లాస్టిక్ పొర కరుగుతుంది, గ్రీజు కాలిపోతుంది, బంతి ఉపరితలానికి కర్మాగారంలో పెట్టిన కాఠిన్యం పోతుంది, అతుకు పక్కన లోహం పెళుసెక్కుతుంది. అంటే అరిగిన కీలును విరిగే కీలుగా మార్చడానికి మనం డబ్బిస్తున్నామన్నమాట.

దీనికి మెకానిక్కును తిట్టిపోయడం సులువు. నేను తిట్టను. ఆయన ఆ విద్యను సరదాకి నేర్చుకోలేదు. కొత్త ఆర్ము ధర చెప్పగానే మొహం చిట్లించి, "ఇంకేదైనా దారి చూడు" అన్నవాళ్లం మనమే. ఆ ఆర్ము ఖరీదు ఆ బుల్లి కారు ట్యాంకు నిండా పెట్రోలు పోయించినంత కూడా ఉండదు. సీటు కవర్లకు, పాటల పెట్టెకు అంతకు రెట్టింపు పెట్టడానికి వెనుకాడని మనిషి, కంటికి కనబడని చోట పెట్టమంటే మాత్రం పొదుపరి అవుతాడు. సర్దుకుపోవడం మన జాతి గుణమని గర్వంగా చెప్పుకుంటాం. చొక్కాకు అతుకు వేసుకోండి, గొడుగుకు వేసుకోండి, కాదన్నదెవరు? కీలుకు అతుకు వేసి అందులో పసిపిల్లలను ఎక్కించుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మనిషి మన పొదుపులో భాగస్వామి కాడు.

పోనీ కనిపెట్టడం కష్టమా అంటే అదీ కాదు. జాకీతో చక్రాన్ని నేలనుంచి లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనొక చేత్తో కిందొక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. కదలిక తెలిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనాలి. అప్పుడు కదలిక మాయమైతే దోషం చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా కదులుతూనే ఉంటే అనుమానం ఈ కీలుమీదికి వస్తుంది. ఊపుతున్నప్పుడే మరొకరు టార్చి వేసి జాయింటును చూస్తే సందేహం తీరిపోతుంది. టైరును అడ్డంగా, అటూ ఇటూ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే వదులుంటే అది టైరాడ్ కొసది కావచ్చు. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలూ వెచ్చించకుండా అలైన్‌మెంటు చేయించడం కదులుతున్న కుర్చీమీద కూర్చోబెట్టి కొలతలు తీసి చొక్కా కుట్టించినట్టు. వదులు కీలుమీద పెట్టిన కోణం రెండో స్పీడ్‌బ్రేకరు దగ్గరే చెదిరిపోతుంది.

మార్చడం కూడా బ్రహ్మవిద్య కాదు. జాయింటు ఆర్ముతో ఏకంగా వచ్చే కారుకు ఆర్ము మొత్తం మార్చాలి. విడిగా జాయింటు కొట్టి బిగించే ప్రయోగాలు వద్దు. స్టెబిలైజరు రాడ్డు నట్టు, చక్రం వైపు జాయింటు మెడను పట్టివుంచే బోల్టు, లోపలి బుష్షు బోల్టు విప్పితే పాతది చేతికొస్తుంది. తుప్పుపట్టిన బోల్టులే సగం పూట తినేస్తాయి. ముందురోజు రాత్రే నూనె పోసి నానబెట్టుకోవడం మేలు. పాత స్ప్లిట్ పిన్నును వంచి మళ్లీ వాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, షెడ్డుల్లో దాదాపు ఎవరూ పాటించనిదొకటుంది: లోపలి బుష్షు బోల్టును చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. కారును నేలకు దించి, బరువు చక్రాలమీద పడ్డాక బిగించాలి. లేకపోతే ఆ రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే బందీ అయి కొన్నాళ్లకే చిరుగుతుంది. "కొత్తది వేసినా నిలవలేదు సార్, పాత బండి కదా" అనే ప్రసిద్ధ వాక్యం చాలాసార్లు పుట్టేది ఇక్కడే. ఆ తరువాత అలైన్‌మెంటు. అప్పుడు దానికి అర్థం ఉంటుంది.

"పాత బండి కదా" అనే ఆ మాటతోనే నా అసలు పేచీ. మారుతి 800 తొలి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగింది. అంటే వాటిలో అన్నిటికన్నా చిన్నదానికీ పదేళ్లు దాటాయి. వీటి యోగ్యతను మనం దేనితో కొలుస్తున్నాం? పుట్టినతేదీతో. పదిహేనేళ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషనును పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ రుసుము 600 రూపాయలనుంచి 5,000కు పెరిగింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. రుసుము కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. పొగ గురించిన వాదన వేరు, అది న్యాయమైనదే, దాన్ని పొగ యంత్రం దగ్గరే తేల్చుకోవచ్చు. కాని నా కారును పునరుద్ధరణకు తీసుకువెళ్లిన రోజున అద్దాలు చూశారు, దీపాలు చూశారు, ఛాసిస్ నంబరు అచ్చు తీసుకున్నారు. చక్రాన్ని నేలనుంచి ఒక్క అంగుళం లేపి ఊపినవారు లేరు. బ్రిటనులో మూడేళ్లు దాటిన కారుకు ఏటా పరీక్ష జరుగుతుంది. సస్పెన్షను కీళ్లు మితిమీరి వదులైతే కారు తప్పుతుంది. నాలుగేళ్ల కారైనా సరే తప్పుతుంది, కీళ్లు బిగువుగా ఉంటే ముప్ఫై ఏళ్లదైనా అక్కడ నెగ్గుతుంది. మన దగ్గర గతుకులు నిండిన దారిలో పరుగులు తీసే ఆరేళ్ల టాక్సీ కీలు ఎవరికీ పట్టదు. పదహారేళ్లుగా వారానికోసారి గుడికి వెళ్లివచ్చే కారు మాత్రం ముసలిదై, ప్రమాదకరమై కూర్చుంటుంది.

కొత్త కారు కొనుక్కుంటే ఈ బాధ ఉండదని నా మిత్రుడి వాదన. ఉండకపోవచ్చు, కొన్నేళ్లు. కొత్త కారుకూ అదే కీలు, అదే రబ్బరు తొడుగు. మన రోడ్లు దాని వయసు అడగవు. తొడుగు చిరిగిన రోజున అతను మళ్లీ అదే షెడ్డు ముందు నిలబడి, ఇంకేదైనా దారి చూడమంటాడని నా అనుమానం. ఆ మాట మొహమ్మీదే అన్నాను. రెండురోజులు ఫోను ఎత్తలేదు. మూడోరోజు తనే చేసి, ఇనుము బేరం ఆపేశానని, ఆదివారం జాకీ తీసుకుని రమ్మని చెప్పాడు. రాణీగంజ్‌కు వెళ్లి ఎడమవైపు ఆర్ము కొనుక్కొచ్చానన్నాడు. కుడివైపుది కూడా అన్ని కిలోమీటర్లే తిరిగింది కదా అన్నాను. గొణుక్కుంటూ మళ్లీ బయలుదేరాడు.