విక్రయ విద్య

"చదువు ముగిసిన పిదప నేమి కాదలచితివి?" అని మన తరగతులలో నెవ్వరి నడిగినను వైద్యుడనో, ఇంజనీరునో, ప్రభుత్వోద్యోగినో కాదలచితినని చెప్పుదురు. వస్తువుల నమ్ముట నా వృత్తి యని చెప్పు విద్యార్థి యరుదు. ఒకడట్లు చెప్పినచో తక్కినవారు నవ్వుదురు. మాటలతో నితరులను మభ్యపెట్టుటయే విక్రయమని మనవారి యభిప్రాయము. ఇది సరికాదని నా మనవి.

కృష్ణా మండలమున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మదరాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినవారు. వారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించిరి. ఎవ్వరు నెఱుగని మందును జనులు కొనుటెట్లు? సంగీత సభలకు వచ్చినవారికి వారు దానిని ఉచితముగా పంచిపెట్టిరి. తలనొప్పి గలవాడు పొగడ్తను నమ్మడు; తనకు గలిగిన యుపశమనమును నమ్మును. జనులు కూడు చోటు నెఱుగుట, వస్తువు తన గుణమును తానే చాటుకొనునట్లు చేయుట, ఈ రెండును విక్రయవిద్యకు మూలములు. వారే 1908లో ఆంధ్రపత్రికను వెలువరించిరి. అమృతాంజనముపై వచ్చిన ధనము దానికి నండయయ్యెను. విక్రయము నీచవృత్తియే యైనచో నంతటి దేశసేవ కది యెట్లు తోడ్పడును?

నేడీ వృత్తి మార్కెటింగు అను పేర ననేక శాఖలుగా విస్తరించినది. అంగడి యంగడికి దిరిగి సరకు నొప్పించువారు కొందఱు. జనుల యవసరముల విచారించి లెక్కలు గట్టువారు కొందఱు. ప్రకటనలు వ్రాయువారు, బొమ్మలు కూర్చువారు కొందఱు. చేతిఫోనుల ద్వారమున వర్తకము నడపువారు మఱికొందఱు. బి.కాం., బి.బి.ఏ., ఎం.బి.ఏ. వంటి చదువు లిందు కుపకరించును.

కాని పట్టము మాత్రమే చాలదు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అందురు. నా మతమున నోటికంటె చెవి ముందు మంచిది కావలెను. కొనువాని మాట విననివాడు వానికి గావలసిన దేమో యెట్లెఱుగును? రెండవది గణితము. ఒక యావకాయ సీసా వెల నిర్ణయింపవలెనన్న కాయలు, నూనె, కారము, సీసా, బండికూలి, అంగడివాని లాభము, ఇవన్నియు లెక్కకు రావలెను. మూడవది భాష. తెలుగు చక్కగా వ్రాయలేనివాడు తెలుగువారి కేమి తెలుపగలడు?

అన్నిటికంటె కష్టమైనది సత్యము. నెలకింత యమ్మి తీరవలెనని పైవా రొత్తిడి చేసినప్పుడు బొంకుటకు మనస్సు లోబడును. బొంకి ధనవంతులైనవారును గలరు, అది కాదనను. అయినను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మోసపు ప్రకటన కుత్పత్తిదారునకును, దానిని పొగడిన ప్రసిద్ధునకును 10 లక్షల రూపాయల వఱకు దండనము విధింపవచ్చును. చట్టము మాట యటుండ, దొంగత్రాసు పాపమని ప్రార్థనాసమయమున వినుచున్న మనకు వేఱుగ జెప్పవలెనా?

కావున మన పాఠశాల వార్షికోత్సవమున విద్యార్థులే యొక చిన్న యంగడి నడుపుదురు గాక! తాము చేసిన వస్తువుల దామే యమ్మి, జమాఖర్చులు వ్రాసి, అందఱి యెదుట జదువుదురు గాక! నేడు నవ్వువారు నాడు వచ్చి కొందురని నా నమ్మకము.