పరుగుకు ముందే చెరిగిపోతున్న పేర్లు

గత శీతాకాలంలో ఒకనాటి రాత్రి ఇషా నమాజు ముగిసిన తరువాత ఒక తండ్రి మస్జిదు మెట్ల మీద నన్ను ఆపి, చేతిలోని కాగితం చూపించాడు. ఆయన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు కార్మికుడు. కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుతున్నది. పాఠశాల తరఫున జిల్లా స్థాయి క్రాస్ కంట్రీ పరుగు పోటీకి ఎంపికయింది. తల్లిదండ్రుల అంగీకార పత్రం మీద సంతకం కావాలి. "సాబ్, ఆడపిల్ల ఊరు దాటి పరుగెత్తడానికి పోతే నలుగురూ ఏమనుకుంటారు? సంతకం పెట్టాలా, వద్దా?" అని అడిగాడు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ వేలాది కాగితాలు నా చేతుల మీదుగా నడిచాయి. అయినా ఆ రాత్రి ఆ ఒక్క కాగితానికి జవాబు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "ఇంట్లో మాట్లాడుకోండి" అని తప్పించుకున్నాను. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి పరుగెత్తలేదు. ఆనాడు ఇవ్వవలసిన జవాబును ఈ సంపాదకీయంలో ఇస్తున్నాను.

క్రాస్ కంట్రీ అంటే స్టేడియంలో గీతల మధ్య సాగే పరుగు కాదు. గడ్డి నేల, మట్టి బాట, ఎత్తుపల్లాల మీదుగా సాగే దూరపు పరుగు. మన జాతీయ పోటీలలో 16 ఏళ్ళలోపు బాలబాలికలకు 2 కిలోమీటర్లు, 18 ఏళ్ళలోపు బాలికలకు 4, బాలురకు 6 కిలోమీటర్ల దూరం నిర్ణయించారు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక జత బూట్లు, తెల్లవారుజామున లేచే అలవాటు ఉంటే చాలు. ఫజ్ర్ నమాజుకు లేచే ఇంట్లో ఆ రెండవది ఎలాగూ ఉంటుంది. పైగా ఇది ఒంటరి ఆట కాదు. ప్రపంచ పోటీలలో ఒక జట్టు నుండి ఆరుగురు పరుగెత్తితే, ముందు చేరిన నలుగురి స్థానాలను కూడి జట్టు లెక్క కడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వారిదే గెలుపు. అందరికంటే ముందు వచ్చిన పిల్లకు ఎంత విలువ ఉన్నదో, ఆయాసపడుతూ నాలుగవదిగా చేరిన పిల్లకూ అంతే విలువ ఉన్నది. పేదవాడి బిడ్డకు ఇంతకంటే న్యాయమైన ఆట ఏముంటుంది?

అయినా మన పిల్లల పేర్లు ఆ జాబితాలలో ఎందుకు కనబడవు? దీనికి జవాబు వెదికేటప్పుడు అమెరికాలో జరిగిన ఒక సంఘటన గుర్తుకు వస్తుంది. 2019 అక్టోబరులో ఒహాయో రాష్ట్రంలో నూర్ అబూకరమ్ అనే 16 ఏళ్ళ విద్యార్థిని హైస్కూలు క్రాస్ కంట్రీ పోటీలో హిజాబు ధరించి 5 కిలోమీటర్లు పరుగెత్తింది. తన పరుగులలోకెల్లా మంచి సమయం నమోదు చేసింది. తీరా ఫలితాల కాగితం చూసుకుంటే అందులో ఆమె పేరు లేదు. హిజాబుకు ముందస్తు అనుమతి పత్రం లేదన్న కారణంతో ఆమెను అనర్హురాలిగా తేల్చారు. ఆ బాలిక ఊరుకోలేదు. కుటుంబం వెనుక నిలబడింది. ఆమె చట్టసభ ముందు సాక్ష్యం చెప్పింది. 2022లో ఒహాయోలో చట్టమే వచ్చింది. మతపరమైన వస్త్రధారణకు క్రీడాకారులు ముందుగా అనుమతి అడుక్కోవలసిన పని లేకుండా పోయింది.

ఆ బాలిక పేరును పరుగు ముగిసిన తరువాత పరాయివారు చెరిపారు. అన్యాయం కంటికి కనబడింది కాబట్టి పోరాడే వీలు కలిగింది. మన బిడ్డల పేర్లను పరుగు మొదలు కాకముందే మనమే చెరుపుతున్నాము. ఏ జాబితాలోనూ చేరని పేరు కోసం ఎవరు పోరాడతారు?

మతం ఒప్పుకోదని కొందరు అంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసిన సంగతి హదీసు గ్రంథాలలో నమోదై ఉన్నది. మొదటిసారి ఆమె గెలిచారు, మరొకసారి ఆయన గెలిచారు. ఆ గృహంలో పరుగు ఆనందానికి చోటున్నప్పుడు, మన ఇళ్ళలో దానిని నిషేధించే అధికారం మనకెక్కడిది? నిండైన దుస్తులు, తలపై వస్త్రం పరుగుకు అడ్డు కావు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సౌదీ అరేబియా యువతి సారా అత్తార్ తల కప్పుకొనే 800 మీటర్లు పరుగెత్తింది. చివరి స్థానంలో వచ్చినా స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఇక ఆడపిల్ల భద్రత గురించిన భయం. ఇది నిజమైన భయం. దానిని తేలికగా కొట్టిపారేయరాదు. అయితే దానికి మందు పిల్లను ఆపడం కాదు, అడగవలసినవి అడగడం. వెంట ఉపాధ్యాయిని వస్తున్నారా? ప్రయాణం, బస ఎక్కడ? దుస్తుల విషయంలో నిర్వాహకుల నియమమేమిటి? ఈ ప్రశ్నలను పోటీకి వారం ముందే రాతపూర్వకంగా ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, జవాబునూ రాతపూర్వకంగానే తీసుకోవాలి. నోటి మాట మైదానం దగ్గర నిలబడదు. కాగితం నిలబడుతుంది.

మనం ప్రభుత్వాన్ని అడగవలసిన లెక్క కూడా ఉన్నది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ప్రాంతాలలో పిల్లవాడు ఎక్కడ పరుగెత్తాలి? రోడ్డు మీద లారీలు, ట్యాంకర్లు. గాలిలో రసాయనాల ఘాటు. నక్కవాగు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. చెడ్డ గాలి పరుగును ఏమి చేస్తుందో లోకం ఎప్పుడో చూసింది. 1924 పారిస్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీలో మండుటెండకు తోడు దగ్గరి విద్యుత్ కేంద్రం పొగ కమ్ముకోగా, బయలుదేరిన 38 మందిలో 15 మందే గమ్యం చేరారు. ఆ తరువాత ఒలింపిక్స్‌లో ఆ పోటీనే ఎత్తివేశారు. ఆరితేరిన వీరులు ఒక్క పూట తట్టుకోలేని గాలిని మన పిల్లలు ఏడాది పొడవునా పీల్చాలా?

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలని, ఆట సామగ్రి ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉన్నది. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు వందమందికి మించి పిల్లలున్న చోట వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలని కూడా ఉన్నది. ఇది ఎవరి దయా కాదు, చట్టం ఇచ్చిన హక్కు. మన బస్తీ పాఠశాలలో స్థలం ఉన్నదా, బోధకుడు ఉన్నాడా అని సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. కార్యకర్తలు ఈ పని నేడే మొదలుపెట్టాలి.

ఒక మంచి వ్యాయామ ఉపాధ్యాయుడు ఏమి చేయగలడో మో ఫరా జీవితం చెబుతుంది. సోమాలియా ప్రాంతం నుండి చిన్ననాడే అక్రమంగా బ్రిటన్‌కు తరలించబడిన బాలుడతడు. ఇంగ్లీషు కూడా సరిగా రాని ఆ పిల్లవాడిలోని పరుగును వ్యాయామ ఉపాధ్యాయుడు అలన్ వాట్కిన్సన్ గుర్తించాడు. 1997లో ఆ బాలుడు ఇంగ్లండు పాఠశాలల క్రాస్ కంట్రీ విజేత అయ్యాడు. విదేశీ పోటీలకు వెళ్ళడానికి సరైన పత్రాలు లేవని తెలిసినప్పుడు, పౌరసత్వం దరఖాస్తు పనికి కూడా ఆ ఉపాధ్యాయుడే పూనుకున్నాడు. ఆ విద్యార్థి 2012, 2016 ఒలింపిక్స్‌లలో కలిపి నాలుగు స్వర్ణాలు గెలిచాడు. అతని పరుగు వెనుక ఒక అర్జీ కూడా ఉన్నది.

అందుకే తల్లిదండ్రులకు ఒక గుమాస్తా మాట. పిల్లల పేరు ఆధార్‌లో ఒక రకంగా, పాఠశాల రిజిస్టరులో మరో రకంగా, జనన ధృవీకరణ పత్రంలో ఇంకో రకంగా ఉండడం మన ఇళ్ళలో తరచుగా కనబడుతుంది. ఒకచోట మొహమ్మద్, మరోచోట ఎండీ. ఒకచోట బేగం, మరోచోట సుల్తానా. పుట్టిన తేదీ కూడా తేడాగా ఉంటుంది. వయసు విభాగాలను బట్టి జరిగే పోటీలలో ఆ తేడా ఒక్కటే పిల్లను ఇంటికి పంపించడానికి చాలు. పోటీ ప్రకటన వచ్చాక పరుగెత్తితే లాభం లేదు. ఈ సెలవులలోనే మూడు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే సరిచేయించండి.

మన రాష్ట్రంలోనే దృష్టాంతం ఉన్నది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ మొదట పరుగు పందేలతోనే మైదానంలో అడుగుపెట్టింది. తరువాత బాక్సింగ్ వైపు మళ్ళింది. లోకం ఏమనుకుంటుందోనని ఆమె తండ్రి వెనుకంజ వేయలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది. 2024లో ప్రభుత్వం డీఎస్పీ కొలువు ఇచ్చింది. నాడు మాటలన్నవారే నేడు ఆమె పేరు చెప్పుకొని గర్విస్తున్నారు.

పరుగెత్తిన ప్రతి బిడ్డా నిఖత్ కాదు. కానక్కరలేదు కూడా. నలభయ్యవ స్థానంలో వచ్చిన పిల్ల కూడా తన కాళ్ళ మీద తనకు నమ్మకం సంపాదించుకొని ఇంటికి వస్తుంది. ఆ నమ్మకం రేపు కళాశాలకు, కొలువుకు, కోర్టుకు కూడా ఆమె వెంట నడుస్తుంది.

ఈ ఏడాది చలికాలం రాకముందే మస్జిదు కమిటీలు జుమా రోజున ఈ మాట ఎత్తాలి. మొహల్లాలో ఇద్దరు ముగ్గురు తల్లులు ఉదయం పూట పిల్లల వెంట మైదానానికి నడిచినా ఎన్నో భయాలు తీరిపోతాయి. ఇక ఆ తండ్రికి, ఆయన వంటి తండ్రులందరికీ నా జవాబు ఇది. అడగవలసినవి అడగండి, వెంట వెళ్ళగలిగితే వెళ్ళండి. కాని, భాయ్, సంతకం మాత్రం పెట్టండి.