ఆపరేషన్ పొత్తికడుపుకు, నొప్పి పిక్కకు!



ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరుగారు చెప్పారు. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. కాని రోగి మాత్రం "పిక్క పగిలిపోతోందమ్మా" అని మూలుగుతోంది. "కదలకుండా పడుకుంది గదా, పట్టేసి ఉంటుంది, కాస్త నూనె రాయండి" అంటారు బంధువులు. అది పొరపాటు. ఒక్కొక్కసారి ఆ ఆలస్యం వల్ల కాలికే ముప్పు రావచ్చు.

గర్భసంచి, మూత్రాశయం, పెద్దప్రేగు చివరి భాగం మొదలైన వాటికి చేసే కొన్ని ఆపరేషన్లలో రోగిని వెల్లకిల పడుకోబెట్టి, రెండు కాళ్లూ పైకెత్తి ఉంచుతారు. అది అవసరమే. అయితే ఆపరేషన్ 4 గంటలు దాటితే, ఎత్తిన కాళ్లకు రక్తం సరిగా అందక అరుదుగా ప్రమాదం రావచ్చు. కాళ్లు దించాక రక్తం తిరిగి పారి కండరాలు వాస్తాయి. పిక్కలోని కండరాల చుట్టూ సాగని గట్టి పొరలుంటాయి. వాపుకు చోటు చాలక లోపల ఒత్తిడి పెరిగి, సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. దీనినే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు.

గుర్తులివి: మందులిచ్చినా తగ్గని విపరీతమైన నొప్పి, పిక్క రాయిలా బిగుసుకోవడం, కాలివేళ్లను మెల్లగా వంచితే నొప్పి హెచ్చడం, పాదం తిమ్మిరెక్కడం. పాదంలో నాడి ఆడుతున్నా ఈ జబ్బు ఉండవచ్చు. నడుముకు మత్తు ఇచ్చినప్పుడు నొప్పి తెలియకపోవచ్చు, కాబట్టి కాలు తాకి చూడాలి.

ఇవి కనిపిస్తే అర్ధరాత్రియైనా సరే సిస్టరుకు, డాక్టరుకు చెప్పండి. మొహమాటపడవద్దు. మర్దనా, కాపడం వద్దు. అవసరమైతే వైద్యులు ఆ పొరను పొడవునా కోసి ఒత్తిడి తగ్గిస్తారు. సుమారు 6 గంటలు దాటితే కండరాలు చచ్చిపోవడం మొదలై, మూత్రపిండాలు కూడా చెడవచ్చు.

మరొకటి: మోకాలి క్రింద బయటి వైపు నరం నొక్కుకుంటే, నొప్పి లేకుండానే పాదం వ్రేలాడిపోతుంది. ఇది చాలామందిలో కొన్ని వారాలలో, లేక నెలలలో బాగవుతుంది. అయినా వెంటనే చూపించాలి.

ఆపరేషన్‌కు ముందే మోకాళ్ల నొప్పులు, షుగరు, కాళ్లలో రక్తప్రసరణ లోపం ఉంటే డాక్టరుగారికి చెప్పండి. రోగి మంచం ప్రక్కన కూర్చున్నవారు కుట్లతోపాటు కాళ్లనూ చూడాలి.