కబీరు కాదు, ఎవరో ఫకీరు

మా అన్న కూతురు పాల్వంచ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. కొడుక్కి ఇరవై నాలుగేళ్ళు. ఇంజనీరింగ్ అయింది, హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, ఎనిమిది నెలలు చేసి మానేసి ఇంటికొచ్చాడు. తాగుడు లేదు, ప్రేమ లేదు, అప్పుల్లేవు. వాటిలో ఏదో ఒకటి ఉన్నా బాగుండేది, నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. వీడు పౌర్ణమి వస్తే చాలు, భద్రాచలం రోడ్డు దిగి అడవి అంచున ఒక చింతచెట్టు కిందికి పోతాడు. సింగరేణిలో రిటైరైన కార్మికుడొకాయన అక్కడ తత్వాలు పాడతాడు. ఒక దూదేకుల పెద్దాయన తంబూరా మీటుతాడు. ఒక కోయ ముసలమ్మ ఏమీ మాట్లాడకుండా కూర్చుంటుంది. స్వామీజీ లేడు, హుండీ లేదు, రంగు బట్టలు లేవు. తెల్లవారేదాకా కూర్చుని ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు.

"చదువుకున్న పిలగాడికి ఆ ఫకీర్లతో, కోయోళ్ళతో ఏం పని బాబాయ్? నువ్వన్నా వచ్చి భక్త రామదాసు కథ చెప్పి బుద్ధి చెప్పు. ఆయన ఉద్యోగం చేసుకుంటూ భక్తి చేసుకోలేదా?"

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆ కథని ఆమెకి అట్లా నేర్పినవాళ్ళ మీద.

ఉద్యోగం చేసుకుంటూ భక్తి చేసుకున్నాడా? రామదాసంటే నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణాకి తహసీలుదారు. గోల్కొండకి కట్టాల్సిన శిస్తులో ఆరు లక్షలు తెచ్చి భద్రాచలం అడవిలో రాముడికి గుడి కట్టాడని మనమే గర్వంగా చెప్పుకుంటాం. ఇవాళ ఏ తహసీలుదారైనా ఆ పని చేస్తే ఏసీబీ వాళ్ళు తెల్లారేసరికి తలుపు కొడతారు. మేనమామ మాదన్న 1674 నుంచి 1686లో హత్యకి గురయ్యేదాకా గోల్కొండ ప్రధాని, సోదరుడు అక్కన్న ఆయన పక్కనే. ఆ శిస్తు సొమ్ము వాడినందుకు గోపన్న పడ్డ చెర పన్నెండేళ్ళంటారు. లెక్క వేసుకోండి. ఇంత పలుకుబడి ఉన్న బంధువర్గం తెలుగు దేశంలో ఇంకెవరికీ లేదు, అయినా మేనల్లుణ్ణి కొరడా దెబ్బల నుంచి తప్పించలేకపోయింది. ఈయన్నా బుద్ధిమంతుడికి ఉదాహరణగా చూపిస్తారు! చెరసాలలో కూర్చుని రాముడికి చేయించిన నగల ఖర్చులన్నీ ఒక్కొక్కటిగా లెక్కగట్టి దేవుణ్ణే నిలదీసినవాణ్ణి, కేలండర్లో చేతులు జోడించుకున్న బొమ్మ చేసి గోడకి తగిలించాం.

అసలు ఆ గుడి దగ్గరికి ఆయనకి దారి చూపిందెవరు? భద్రిరెడ్డిపాలెం పోకల దమ్మక్క. పుట్టలో మూర్తుల్ని మొదట చూసింది ఆమె. నాలుగు కర్రలు పాతి పందిరి వేసింది ఆమె. తాటిపండు నైవేద్యం పెట్టింది ఆమె. మంత్రం లేదు, ఆగమం లేదు. పరగణా అధికారి ఒక అడవి ముసలమ్మ మాట నమ్మి, ఆమె వేసిన పందిరి ముందు తల వంచాడు. ఈ కథలో అతి పెద్ద సంగతి ఇదే. మనం దీన్ని రెండు వాక్యాల్లో దాటేసి, చింతాకు పతకం దగ్గరా కలికితురాయి దగ్గరా గంటసేపు ఆగుతాం. ఏడాదికొక రోజు దమ్మక్క పేరు మీద సేవాయాత్ర చేస్తున్నాం కదా అంటారు. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ? 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో చుట్టూ ఉన్న మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌కి రాసిచ్చినప్పుడు భద్రాచలం పట్టణాన్ని మాత్రం జాగ్రత్తగా తెలంగాణలో ఉంచుకున్నారు. దేవుడు గట్టు మీద మిగిలాడు. దమ్మక్క చుట్టాలైన గిరిజనులు చింతూరు, కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు, కుక్కునూరుల్లో నీళ్ళ లెక్కలోకి పోయారు.

ఇక కబీరు. రామ మంత్రం గోపన్నకి కబీరుదాసు ఉపదేశించాడని హరికథల్లో విన్నాం. 2006లో సినిమా తీస్తే అక్కినేని నాగేశ్వరరావు ఆ వేషం కట్టారు. కబీరు కాశీ నేతగాడు, ఎంత ఆలస్యంగా లెక్కేసినా 1518కి మించి బతకలేదు. గోపన్న పుట్టింది 1620 ప్రాంతంలో. మధ్యలో వందేళ్ళు. దీన్ని పట్టుకుని కొందరు పండితులు కథంతా కల్పితమని కొట్టేస్తారు, ఇంకొందరు దేవుడి లీల అంటారు. నాకు తోచింది వేరే. నేలకొండపల్లి దారుల్లో ఎవరో ఫకీరు తిరిగి ఉంటాడు. పేరున్నవాడు కాదు, మఠం ఉన్నవాడు కాదు. గంజిలో పడి పోయిన గోపన్న బిడ్డని బతికించాడని చెప్పుకునేంతగా ఆ ఇంటివాళ్ళకి దగ్గరైనవాడు. తర్వాత కథ చెప్పేవాళ్ళకి చిక్కొచ్చింది. రామదాసుకి ఒక అనామక తురక గురువా? మనవాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టగలిగిన ముస్లిం పేరు ఒక్కటే ఉంది, అది తగిలించారు. మంత్రం ఇచ్చినవాడికి మనమిచ్చిన గురుదక్షిణ ఇది: అతని పేరు తుడిచేయడం.

గోపన్నని చెరలో వేసిన గోల్కొండ సుల్తాను తానీషా సంగతి ఇంకా అన్యాయం. తెర మీద ఆయన కళ్ళెర్రజేసే నవాబు, చివర్లో రాముణ్ణి చూసి వణికే నవాబు. అబుల్ హసన్ అనే ఈ తానీషా 1672లో సింహాసనం ఎక్కకముందు ఎక్కడున్నాడో తెలుసా? హైదరాబాదులో షా రాజు అనే సూఫీ దగ్గర, ఖాన్‌ఖాలో, పద్నాలుగేళ్ళంటారు. రాజవంశపు పిల్లవాడు దర్బారు వదిలి ఫకీర్ల మధ్య నేల మీద పడుకుని, వాళ్ళ ఊడిగం చేసి, వాళ్ళ రొట్టె తిన్నాడు. ఆయన చుట్టాలు కూడా మా అన్న కూతురిలాగే ఏడ్చి ఉంటారు. హిందీ వాళ్ళు తానీషా పేరునే నియంతకి పర్యాయపదం చేసేశారు! గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతికి పోయాక ఆయన్ని దౌలతాబాదు కోటలో పెట్టారు. 1699లో అక్కడే పోయాడు. చెర వేసినవాడికీ పన్నెండేళ్ళే. నన్నడిగితే మన చరిత్రలో ఇంతకంటే చిత్రమైన జంట లేదు. ఫకీరు శిష్యుడైన తహసీలుదారు లోపల, ఫకీరు శిష్యుడైన రాజు బయట. ఇద్దరూ ఒకే రకం బడిలో చదువుకున్నారన్న మాట మాత్రం ఒక్క హరికథలోనూ రాదు.

తర్వాత వందేళ్ళకి పైగా గడిచాక గుడి సేవలు కుంటుపడితే నిలబెట్టిందెవరు? గుంటూరులో 1790లో పుట్టిన తూము నరసింహదాసు. ఇల్లూ వాకిలీ వదిలి భజన చేసుకుంటూ దేశం మీద పడ్డాడు. కంచిలో వరద రామదాసు అనే స్నేహితుడు దొరికాడు, తిరువయ్యారులో త్యాగయ్యని చూసి వచ్చాడు. నిజాం కొలువులోని చందూలాల్ ఈ దేశదిమ్మరికే భద్రాచలం అప్పజెప్పాడు. 1833లో స్నేహితుడు పోతే ఆ శరీరాన్ని భుజానికెత్తుకుని గోదావరిలోకి నడిచి వెళ్ళిపోయాడని చెబుతారు. ఇవాళ ఆ గుడిలో జరిగే సేవల క్రమం చాలా వరకు వీళ్ళిద్దరూ ఏర్పరిచిందే. ఇప్పుడైతే ఇద్దరు మగపిల్లలు అట్లా ఊళ్ళు పట్టుకుని పాడుకుంటూ తిరిగితే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళతాం.

తల్లి భయం నాకు అర్థం కాకపోలేదు. కాలేజీ మానేసి వేరే వెతుకులాటలో ఇదే అడవిలోకి పోయి తిరిగి రాని పిల్లల్ని మా తరం చూసింది. పిల్లల బుర్రలు తినే బాబాల్నీ చూశాను. కానీ అదే తల్లి, ఇరవై వేలు కట్టించుకుని ఏసీ హాల్లో మూడు రోజులు కళ్ళు మూయించే శిబిరానికి పంపమంటే సంతోషంగా పంపేది. సర్టిఫికెట్ ఇస్తే ఫ్రేమ్ కట్టించేది. డబ్బు తీసుకుంటే ఆధ్యాత్మికత, తీసుకోకపోతే పిచ్చి! చింతచెట్టు కింద వాళ్ళు చేసిన తప్పల్లా ఇదేనా? లేక వాళ్ళ కులాలా? పోతులూరి వీరబ్రహ్మం దూదేకుల సిద్దయ్యని పక్కన కూర్చోబెట్టుకున్నాడని చెప్పుకుంటూ కళ్ళొత్తుకునే ఇళ్ళలోనే, బతికున్న దూదేకుల ముసలాయన పక్కన కొడుకు కూర్చుంటే శోకాలు పెడతారు.

ఆదివారం పాల్వంచ పోతున్నాను. పిల్లాడికి రామదాసు కథ చెప్పమంది కదా, చెబుతాను. ఆమెని కూడా కూర్చోబెట్టి చెబుతాను. అందులో ఒక ఘట్టం ఉంది. కబీరు అని మనం పిలుచుకునే ఆ మనిషి భద్రాచలం గుడికి వచ్చాడట. తురకవాడు లోపలికి రాకూడదని పూజారులు అడ్డుపడ్డారట. అడ్డుపడి వెనక్కి తిరిగి చూసుకుంటే గర్భగుడిలో రాముడు లేడట. దీపం వెలుగుతోంది, పీఠం ఖాళీ.